పంపు తెరిపించిన బండి

మొన్న నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు సిగ్నల్ దగ్గర నా స్కూటీ ముందు ఒక పాత లారీ ఆగింది. పచ్చలైటు పడగానే గుప్పున నల్లటి పొగ వదిలి, పెద్దగా మూలిగి, ముందుకు పోవాలా వద్దా అన్నట్టు మెల్లగా కదిలింది. సగమే కాలిన డీజిల్ వాసన ముఖానికి కట్టుకున్న చున్నీని దాటి ముక్కుకెక్కింది. వెనక హారన్లు మోగుతున్నా నేను బండి పక్కకు తీసి నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు మా అవ్వ చేతివేళ్లు గుర్తుకొస్తాయి.

అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచే ఇల్లు మాది. మా ఊరు బోధన్‌కు దగ్గర్లో, నిజాంసాగర్ కాలువ కింద ఉంటుంది. చలి మొదలై చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడించడం మొదలైందంటే ఊరి గాలే మారిపోయేది. పులిసిన బెల్లపు మడ్డి వాసన పొద్దున్నే దుప్పట్లోకి దూరేది, ఆరేసిన బట్టల మీద పొగగొట్టం నుసి నల్లటి నువ్వుల్లా రాలేది. మేం పిల్లలం చెరుకు బండ్ల వెనక పరిగెత్తి గడలు లాగి, పళ్లతో చీల్చి, చిగుళ్లు కోసుకుపోయి నెత్తురొచ్చినా వదలకుండా నమిలేవాళ్లం. రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని, సప్పుడును బట్టి వచ్చేది ఎవరి లారీయో చెప్పడం మా ఆట. సంక్రాంతి ముందు అవ్వ తడిబట్ట పరిచి, వామూ నువ్వులూ కలిపిన పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ సకినాలు చుడితే చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు ఒక్కతీరుగా ఉండేది. వాడకట్టులో ఎవరింట్లో పెళ్లైనా ముందు అవ్వకే కబురొచ్చేది.

బాపు పేరు గంగారాం. చెరుకు తోలే లారీ మాది. దానికి టర్బో ఉండేది. ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే చిన్న పంఖ అది, బండి జోరందుకుంటే సన్నగా ఈల వేసేది. ఆ ఈల చాలదనుకున్నాడో ఏమో, ఒక వానాకాలం బాపు బండిని ఎక్కడికో తీసుకుపోయి డీజిల్ పంపు తెరిపించుకొచ్చాడు. అంటే, కంపెనీ పెట్టిన లెక్కను దాటి ఇంజన్‌కు ఎక్కువ డీజిల్ అందేలా చేయించాడన్నమాట. ఆ ఏడు మా బండిని పట్టినవాళ్లు లేరు. కాలువ గట్టు కింద బురదలో దిగబడ్డ లారీలను బాపు తాడు కట్టి లాగి పారేస్తుంటే, నేను క్యాబిన్‌లో కూర్చుని లోకమంతా నా వైపే చూస్తోందనుకునేదాన్ని.

మరుసటి సీజన్‌లో, సరిగ్గా చెరుకు జోరుగా నరికే రోజుల్లో, బండికి బలం పోయింది. ఈల సన్నబడింది, పొగ చిక్కబడింది, గేరు దించనిదే చిన్న ఎత్తు కూడా ఎక్కలేదు. మెకానిక్ ఖాదర్ భాయ్ ముందు గాలి ఫిల్టర్ విప్పి దులిపితే చెరుకాకు దుమ్ము దోసిళ్లకొద్దీ రాలింది. "ఇగ సూడు గంగన్నా, గాలి గుర్రమైతది" అన్నాడు. ఒక్క పూటే అయింది. తరువాత టర్బో నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం మీద సబ్బునీళ్లు పోసి బుడగలొస్తున్నాయేమో చూశాడు, ఒక చోట వస్తే గొట్టమే మార్చాడు. మళ్లీ ఒక రోజు బాగా నడిచింది. డీజిల్ ఫిల్టర్ మార్చారు, టర్బో ఇరుసును వేళ్లతో ఊపి చూశారు, సైలెన్సర్ విప్పి కొట్టారు. ప్రతిసారీ బాపు ముఖం వెలిగేది, సాయంత్రానికి ఆరిపోయేది. అన్నం ముందు కూర్చుని కూడా రోడ్డు మీద పోయే బండ్ల సప్పుడే వినేవాడు. బడికి పోయే దారిలో కనిపించిన ప్రతి గుడికీ, దర్గాకూ నేను మొక్కేదాన్ని. అంతకుమించి నాకేం చేతనవుతుంది?

చివరికి ఖాదర్ భాయ్ ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో సిలిండర్‌కు డీజిల్ తెచ్చే పైపు నట్టును వదులు చేస్తూ పోయాడు. నట్టు వదిలినప్పుడల్లా ఇంజన్ తడబడేది. ఒక్క చోట మాత్రం సప్పుడు మారలేదు, అంటే ఆ సిలిండర్ అసలు పనిచేయడం లేదన్నమాట.

"గీడ పానం లేదన్నా. ఇంజన్ ఇప్పాలె."

"ఇప్పితే ఎన్ని రోజులైతదో ఏమో. నరికిన చెరుకు పొలంల ఎండుతున్నది. సీజన్ అయినంక సూద్దాం భాయ్" అన్నాడు బాపు. ఖాదర్ భాయ్ చేతులు గుడ్డకు తుడుచుకుని, వదులు చేసిన నట్టును మళ్లీ బిగించాడు.

ఈ బండితో ఎత్తులెక్కడం భయమని క్లీనర్ మానేశాడు. అతని చోట అవ్వ ఎక్కింది. బండి ఆగిన చోటల్లా దిగి, వెనక టైరు కింద కట్టెమొద్దు పెట్టడం ఆమె పని. ఒక ఆదివారం నన్నూ వెంట తీసుకుపోయారు. కాలువ వంతెనకు ఎక్కే దారిలో నిండు లోడుతో బండి ఆగిపోయింది. అవ్వ దిగి మొద్దు పెట్టింది. బాపు బ్రేకు వదిలి క్లచ్ అందుకునేలోపు బండి వెనక్కి జారింది. మొద్దు పక్కకు తిరిగి, దాన్ని సరిచేస్తున్న అవ్వ వేళ్లు రోడ్డుకూ మొద్దుకూ మధ్య ఇరుక్కున్నాయి.

"ఆపుండ్రి! చెయ్యి, చెయ్యి!" అన్న కేక విని బాపు బ్రేకు తొక్కిపట్టాడు. ఇప్పుడు బండి బెత్తెడు ముందుకు జరిగితే చాలు, అవ్వ చెయ్యి బయటికొస్తుంది. ఆ బెత్తెడు దూరం లాగే బలం ఇంజన్‌కు లేదు. బ్రేకు వదిలితే వెనక్కి పోతుంది, దిగుదామంటే కాలు తీయలేడు. "బిడ్డా, ఎవలనన్న పిలువు" అన్న బాపు గొంతు నాకు కొత్తగా వినిపించింది. నేను కిటికీలోంచి అరుస్తున్నాననే అనుకున్నాను. నోట్లోంచి సప్పుడే రాలేదని తరువాత తెలిసింది.

పక్క పొలంలో చెరుకు నరుకుతున్న మరాఠీ కూలీలకు అవ్వ ఏడుపే వినిపించి పరిగెత్తుకొచ్చారు. కొందరు లోడెక్కి తాళ్లు కోసి మోపులు కిందికి తోస్తుంటే, మిగిలినవాళ్లు "ఢకలా, ఢకలా" అని అరుస్తూ బండిని నెట్టారు. ముక్కుకు పెద్ద పుల్ల పెట్టుకున్న ఒక ఆడమనిషి అవ్వ తలను తన ఒళ్లోకి తీసుకుని, "ఘాబరూ నకో బాయి" అంటూ, భయపడొద్దని చెబుతూ, నుదురు నిమురుతూనే ఉంది. బండి కదిలింది. ఆమె తన కొంగు చించి అవ్వ చేతికి కట్టింది.

దవాఖానలో వేళ్లు తీసేయలేదు. ఉంచారు గానీ, రెండు వేళ్లు మళ్లీ వంగలేదు.

అప్పుడు ఇంజన్ విప్పారు. పానం లేదన్న చోట పిస్టన్ తల ఒక పక్క కరిగి, ఎండలో పెట్టిన బెల్లంలా కుంగిపోయి ఉంది. ఎక్కువ డీజిల్ మండి, ఆ వేడికే కరిగిందని ఖాదర్ భాయ్ చెప్పాడు. చేతికి కట్టుతో నిలబడ్డ అవ్వ దాన్ని చాలాసేపు చూసి, "గింతదేనా?" అంది. బాపు షెడ్డు బయటికి నడిచాడు.

పంపు మళ్లీ కంపెనీ లెక్కకు తిప్పించారు. బండి అందరి బండ్లలాగే నడిచింది, కొన్నేళ్లకు అమ్మేశాం. ఆ తరువాతి సంక్రాంతికి అవ్వ తడిబట్ట పరిచి కూర్చుంది. పిండి చుట్టు తిరగక తెగుతూ ఉంటే, ముద్దను నా చేతికిచ్చి, ఎట్లా మెలిపెట్టాలో నోటితో చెబుతూ పోయింది. నావి ఎప్పుడూ వంకరే. బాపు మాత్రం అవే మెచ్చుకుని తినేవాడు.

ఇప్పుడు లారీకి జబ్బు చేస్తే కంప్యూటర్ తగిలించి చూస్తున్నారు. ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు పొలాల్లో వరి వేశారు. సప్పుడు విని బండ్లను గుర్తుపట్టే పిల్లలు లేరు, గుర్తుపట్టడానికి ఆ బండ్లూ లేవు. చలికాలం రాగానే ఎడ్లబండ్ల మీద పిల్లాపాపలతో దిగి, కాలువ పక్కన చెరుకాకు గుడిసెలు వేసుకునే మరాఠీవాళ్లు కూడా రావడం మానేశారు. రెంజల్ సంతలో మరాఠీ మాట వినబడితే అవ్వ ఇప్పటికీ ఆగి, మాట్లాడుతున్న ఆడవాళ్ల ముఖాలు చూస్తుంది. ఆ రోజు కొంగు చించి కట్టు కట్టిన మనిషి పేరు మాకు తెలియదు. ఎవరినని అడగాలి?