నాయనమ్మ చేతిలో పురికొస

ఈ ఉదయం రొంపిచెర్ల దారిలోని మా పొలానికి అద్దెకొచ్చిన గడ్డిమిషన్ డ్రైవర్ కొత్త పురికొస ఉండ విప్పుతుంటే, ఆ జనుమూ నూనే కలిసిన వాసనకు నా అరచేతులకు చెమట పట్టింది.

మా చిన్నప్పుడు వరికోతలయ్యాక, మంచు ఆరీ ఆరకముందే గడ్డికుప్పల మధ్య దాగుడుమూతలాడి, ఒళ్ళంతా దురదతో వచ్చి, అమ్మ ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు వేడివేడిగా ఒలుచుకు తింటుంటే, నాయనమ్మ కళ్ళంలో నులకమంచం మీద కూర్చుని గడ్డితాళ్ళు పేనుతుండేది. ఆమె వేసిన ముడి ఊడగా నేను చూడలేదు.

ఆ ఏడు నాన్న ఎక్కడినుంచో పాత కట్టల మిషన్ తెచ్చాడు. దాన్ని ట్రాక్టర్‌కు తగిలించి కళ్ళంలో నిలబెట్టి, పంగలకర్రతో గడ్డి అందిస్తే, లోపల అదిమి రెండు వరసల పురికొస చుట్టేది. ఆపైన నాటర్లనే రెండు ఇనప కొక్కేలు ఆ పురికొసకు ముళ్ళు వేయాలి. కుడివైపుది వేసేది. ఎడమవైపుది బుద్ధిపుడితే వేసేది, లేకపోతే కట్ట బయటికొచ్చి నేలమీద విచ్చుకుపోయేది. అందులో గడ్డి ఇరుక్కుందని నాన్న మిషన్ తిరుగుతుండగానే చెయ్యి పెట్టి పీకేవాడు. బ్యాటరీ పాడైంది మరి, ఇంజన్ ఆపితే నలుగురు తోస్తేగానీ అందుకునేది కాదు. ఆ చెయ్యి లోపలికి పోయినప్పుడల్లా అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది.

రెండు రోజులు చూసి నాయనమ్మ, ట్రాక్టర్‌కున్న, లాగితే ఇంజన్ ఆగిపోయే పిడికి పురికొస కట్టి, రెండో కొస పట్టుకుని మంచం మీద కూర్చుంది. నాన్న నాటర్ వైపు చెయ్యి చాపితే చాలు, లాగేసేది.

"ఏందమ్మా ఇది? పొద్దస్తమానం ట్రాక్టర్ తొయ్యటమే సరిపోయింది!" అని నాన్న అరిచేవాడు.

"తొయ్యరా. తొయ్యటానికైనా చేతులుండాల గదా," అనేది నాయనమ్మ.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నానికి లేస్తూ ఆ కొస నా చేతికిచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాన్న ఎడమ నాటర్ దగ్గరికి పోతూ నా వైపు తిరిగి, "ఏమే, లాగావంటే వీపు చీరేస్తా!" అన్నాడు. నాకు నాన్నంటే భయం, మిషనంటే భయం. ఏ భయానికి లొంగాలో తెలియక కాసేపు అలాగే బిగుసుకుపోయి, చివరికి కళ్ళు మూసుకుని లాగాను.

ఇంజన్ ఆగింది. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. వారం రోజులుగా సరిగ్గా ముడి వేయని ఆ ఎడమ నాటర్, నాన్న చొక్కా చేతి అంచును పురికొసతో కలిపి గట్టిగా ముడి వేసేసింది, మణికట్టుకు అంగుళం దూరంలో. నాయనమ్మ ఎంగిలి చేత్తోనే కొడవలి తెచ్చి దాన్ని కోసింది. నాన్న తెగిన చొక్కా చేతిని పైకి మడుచుకుని, ట్రాక్టర్ తొయ్యటానికి వెళ్ళాడు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. గడ్డితాడు పేనేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు, పిల్లలు దాక్కోవడానికి కుప్పలూ లేవు. ఇందాక మిషన్‌లో పురికొస చిక్కుపడితే డ్రైవర్ ఇంజన్ ఆపకుండానే దిగి చెయ్యి పెట్టాడు. "ఆపయ్యా!" అని అరిచాను. ఆ చప్పుడులో అతనికి వినపడలేదు. చెయ్యి క్షేమంగానే బయటికొచ్చింది, అతను నవ్వుకుంటూ మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. నా గుప్పిట మాత్రం ఇంకా బిగిసే ఉంది, అందులో ఏ కొసా లేదు.