పరదా బండి తిరిగిన దారి

నా చిన్నప్పుడు పాతబస్తీలో ఆడపిల్లలం పరదా బండిలో బడికి పోయేవాళ్లం. గూడు బండికి అన్ని వైపులా మందపు గుడ్డ కట్టి ఉండేది. ముందు ఎద్దులను తోలే ముసలాయన, వెనక నడిచే ఆయమ్మ. లోపల మేము, ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతూ, ఊరంతా వినబడేలా లొల్లి చేస్తూ. మమ్మల్ని ఎవరూ చూడకూడదని పరదా కట్టారు గానీ, మా గొంతులకు ఏ గుడ్డా అడ్డం కాలేదు. పొద్దున అందరికంటే ముందు నేనే ఎక్కేదాన్ని, సాయంత్రం అందరూ దిగాక దిగేదాన్ని. బడి అంత దూరమైపోయిందని మా ఇంట్లో నన్ను చూసి జాలిపడేవాళ్లు.

అప్పుడు నేను చహారుంలో, అంటే నాలుగో తరగతిలో, చివరి నెలల్లో ఉన్నాను. పై చదువు అదే బడిలో మేడ మీద చెప్పేవాళ్లు. ఆ మెట్లు ఎక్కాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. మా బాపుకు జిల్లాల్లో నౌకరీ. ఎప్పుడో పండక్కి వచ్చేవాడు. ఆడపిల్లల బడి ఉన్న వైపు మగవాళ్లు పోవడం మర్యాద కాదని మా బడి ఎక్కడుందో కూడా చూడలేదు. నా చదువు సంగతి నాయనమ్మకే వదిలేశాడు. నాయనమ్మ ఇంకా ఏదీ తేల్చలేదు.

మా టీచరమ్మను ఉస్తానీమా అని పిలిచేవాళ్లం. సన్నగా, గట్టిగా నవ్వని మనిషి. ఆ ఏడు మాకు భిన్నాలు వచ్చాయి, కాజాలు కుట్టడం వచ్చింది, గోదావరి, కృష్ణ ఎక్కడ పుట్టి ఎటు పోతాయో పలక మీద గీయడం వచ్చింది. వచ్చినవన్నీ ఒక్కచోట వాడి చూద్దామని ఆమె ఒకరోజు మమ్మల్ని ఇంటి నుంచి బడికి దారి గీయమంది. నదులన్నీ చకచకా గీసే పిల్లలం అందరం బలపాలు పట్టుకుని దిక్కులు చూశాం. రోజూ పోయే దారే, కానీ ఎవరం చూస్తేగా.

ఒక గడుసు పిల్ల లేచి, ముందు మీ దారి గీయండి అంది. ఉస్తానీమా సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక మూల తన ఇల్లు గీసింది, ఇంకో మూల బడి గీసింది. మధ్యలో చెయ్యి ఆగిపోయింది. ఆమె కూడా పరదా కట్టిన టాంగాలోనే వచ్చేది. మేమంతా పగలబడి నవ్వాం. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులో ఎంత బాధ ఉందో పసిదాన్ని, నాకు అప్పుడు తెలియలేదు.

మర్నాటి నుంచి బండిలో లొల్లి బంద్. చెవులతో, ముక్కుతో, చర్మంతో దారి పట్టుకోమని ఆమె చెప్పి పంపింది. ఎండ ఏ వైపు గుడ్డను వెచ్చబరుస్తోందో చెయ్యి పెట్టి చూసేవాళ్లం. బయలుదేరినప్పుడు వెనక గుడ్డ వెచ్చగా ఉండేది. కొంత దూరం పోయాక చల్లగాలి, తడిమట్టి వాసన వస్తే అది పురానాపూల్ దగ్గరి మూసీ నది అనుకున్నాం. అక్కడి పిల్లలు ఎక్కాక బండి మళ్లేది, అప్పుడు ముందు గుడ్డ వెచ్చబడేది. తర్వాత అత్తరు వాసన, బేరాల అరుపులు, వెండి రేకును మిఠాయిల మీద అద్దే వరఖుగా సాగగొట్టే సుత్తుల చప్పుడు. అది పత్తర్‌గట్టి బజారు అని ఆయమ్మ బయటి నుంచి గొణిగేది. ఆమెకూ ఈ ఆట నచ్చినట్టుంది.

ఇవన్నీ బోర్డు మీద పెట్టుకుంటూ పోతే నా దారి నేరుగా సాగలేదు. తిరిగి తిరిగి మొదలైన చోటికే వంగింది. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న రోజు మా బడి గంట లాంటి గంట విన్నానని కూడా నేను చెప్పాను. ఉస్తానీమా ఆ గీత మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా జరిపింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది.

"బిడ్డా, బడి మీ ఇంటి పక్కనే ఉన్నట్టుంది. నాకు పక్కా తెల్వదు. ఎవరన్నా ఒక్కసారి నడిచి చూడాలె. మీ నాయనమ్మకు చెప్పు."

చెప్పాను. నాయనమ్మ అప్పటికే నన్ను మాన్పించాలని మనసులో అనుకుంటోంది. ఆమెకు నా మీద ప్రేమ లేక కాదు, అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టే మనిషి. పలక మీద దించుకొచ్చిన నా పటం చూసి ముచ్చటపడింది కూడా. కానీ పిల్లలు గీసిన బొమ్మకంటే రోజూ నేను అలసిపోయి దిగడమే ఆమెకు నిజం.

"సగం పొద్దు బండిలనే పోతది నీకు. పెద్దపిల్లవైతున్నవు. గంత దూరం ఎట్ల పంపుత బిడ్డా?"

నాకూ అదే నిజమనిపించింది. నేను గీసిన పటాన్ని నేనే నమ్మలేదు. ఆ ఏడు పరీక్ష అయ్యాక బండి మా వాకిట్లో ఆగడం మానేసింది. తర్వాత పెళ్లయింది, వేరే ఊరికి పోయాను.

చాలా ఏళ్లకు పుట్టింటికి వచ్చినప్పుడు మరదలికి ఒంట్లో బాగాలేదు. తమ్ముడి కూతురు కూడా ఆ బడిలోనే చదువుతోంది. నేను దిగబెడతానని చెప్పి, రిక్షా ఎక్కడ దొరుకుతుందని అడిగాను. పిల్ల నన్ను వింతగా చూసింది.

"రిక్షా ఎందుకత్తా? గీడనే కదా."

నా వేలు పట్టుకుని వెనక తలుపు తీసింది. పనివాళ్లు తప్ప మేమెవరం ఎన్నడూ దాటని తలుపు అది. గల్లీ వెంట నడిచి ఒక గోడ మూల తిరిగామో లేదో బడి గంట మోగింది. కొంగు సర్దుకునే లోపే గేటు ముందు ఉన్నాం. లోపల ఆ మేడ మెట్లు కనిపించాయి. పైన పిల్లలు పాఠం గట్టిగా చదువుతున్నారు. మేనకోడలు చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. నేను ఆ గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఉస్తానీమా ఏమైందని గేటు దగ్గర అడిగితే ఎవరికీ తెలియలేదు. మన పటం సరిగ్గానే ఉందమ్మా అని ఆమెకు చెప్పలేకపోయాను. తన దారి తాను ఎప్పుడైనా చూసుకుందో లేదో. నాయనమ్మ అప్పటికే లేదు. ఉన్నా ఏమనగలను, ఆమె కూడా ఆ ఇంటికి కొత్త కోడలిగా పరదాలోనే వచ్చింది. ముందు నన్ను ఎక్కించుకుని, ఊరంతా తిరిగి మళ్లీ అక్కడికే వస్తున్నామని బండి తోలే ఆయనకు, వెనక నడిచే ఆయమ్మకు మాత్రం తెలిసే ఉంటుంది. వాళ్లను అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏదైనా దూరమనో, మన వల్ల కాదనో అంటే నేను ఒక్క మాటే అంటాను, నడిచి చూసినవా అని. ముసలిదాని చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వనీ. ఆ మాట ఒక్కసారి మా నాయనమ్మను అడిగి ఉంటే ఆ మెట్లు ఎక్కేదాన్ని.