పేరంటానికి ఆరు సీసాలు

మా వదిన మొట్టమొదటి బొమ్మల కొలువుకు పిలిచిన వేళకు ఒక్క పేరంటాలు కూడా గడప తొక్కకుండా చేసిన ఘనత నాది. నవ్వండి, పర్వాలేదు. ఆ కాసేపు మాత్రం మా ఇంట్లో ఏడుపే.

అరవైల మొదట్లో మాట. వాకాడు దగ్గర మా ఊరికి ఇంకా కరెంటు రాలేదు. నాకు పదిహేనేళ్ళు. తెలివి మాత్రం ఊరందరికీ పంచేంత ఉందని నా నమ్మకం. దొరవారిసత్రం వైపు నుంచి కొత్తగా కాపురానికొచ్చిన వదిన సంక్రాంతికి కొలువు పెట్టింది. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ ఆమెతో నోరారా మాట్లాడలేదు.

"కామాక్షీ, ఈరోజన్నా నలుగురు వస్తారు గదా?" అని పొద్దుటినుంచి పదిసార్లు అడిగింది.

"నలుగురేంది వదినా, ఊరంతా వస్తాది. సందేళ వాకిట్లో నా అలంకారం చూద్దువుగాని!"

ముందు నెలలో నెల్లూరులో ఒక ఆసుపత్రి వరండాలో క్రిస్మస్ అలంకారం చూశాను. గాజు సీసాల్లో ఎర్రటి నీళ్ళు, పైన తేలే దీపాలు. అంతే, మతిపోయింది. అంగడి మామను బతిమాలి ఆరు ఖాళీ పిప్పరమెంటు సీసాలు తెచ్చాను. ఎరుపు కావాలి గదా? పసుపునీళ్ళలో సున్నం కలిపాను. తేలే ప్రమిదలు కావాలి గదా? నిమ్మకాయలు కోసి, రసం పిండి, డిప్పల్లో నూనె పోసి వత్తులు వేశాను. సందెవేళకు గుమ్మానికి అటు మూడు, ఇటు మూడు పెట్టి వెలిగించాను. అమ్మా వదినా వంటింట్లో శనగల తాలింపులో ఉన్నారు, నన్ను ఆపే నాథుడు లేడు.

మీకప్పుడే అర్థమైపోయిందా? నాకు కాలేదు.

పట్టుచీరలు కట్టుకుని ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. సీసాలు చూశారు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, వీధికి అవతలి పక్కనుంచి గబగబా వెళ్ళిపోయారు.

"రాండక్కా, పేరంటానికి!" అని అరిచాను.

"మళ్ళీ వస్తాంలే మే!" అంటూ ఇంకా వేగం పెంచారు.

గంగాళం నిండా శనగలు అలాగే ఉన్నాయి. "నేనంటే ఎవురికీ ఇష్టం లేదు కామాక్షీ" అని వదిన కళ్ళు తుడుచుకుంది. నా ప్రాణం ఉసూరుమంది.

చివరికి ఒకే ఒక్క మనిషి వచ్చింది. ఊరందరికీ దిష్టి తీసే శేషమ్మవ్వ! చేతిలో వేపమండలు.

"ఎవురికమ్మా దిష్టి? ఒక పళ్ళెం ఎర్రనీళ్ళు తిప్పి పోస్తే సరిపోయేదానికి, ఆరు సీసాలా! నిమ్మకాయలా! దాటితే మనకంటుకుంటాదని ఊరంతా వీధి చివర నిలబడుండారు. నన్ను పంపినారు."

అమ్మ పరుగున వచ్చి చూసి తల పట్టుకుంది. "ఏం మే, పేరంటానికి పిలిచి గుమ్మంలో దిష్టినీళ్ళు పెట్టినావా?"

"అందంగా ఉండాయని..." అన్నాను.

ముందు వదిన నవ్వింది, కన్నీళ్ళతోనే. అవ్వ అరుగుమీద కూలబడి నవ్వి, వీధిలోకి కేకేసింది: "దిష్టీ లేదు, దయ్యమూ లేదు! మన కామాక్షి తెలివి! రాండి!"

ఊరంతా వచ్చింది. శనగలు చాలలేదు. బొమ్మలకంటే నన్నే ఎక్కువమంది చూశారు. వదిన చుట్టూ చేరి, "మీ ఆడబిడ్డతో ఎట్టా వేగుతుండావమ్మా?" అని ఆమెను వదిలిపెట్టలేదు. అందరూ వెళ్ళాక అమ్మ, "కలిపిన నీళ్ళు పారబోయడమెందుకు?" అని ఆరు సీసాలూ వరసగా నా తలచుట్టూ తిప్పి వీధిలో పోసింది.

ఆ తడి ఆరకముందే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో పసుపు వంటింట్లో ఉంటుంది, సున్నం పెరట్లో ఉంటుంది. ఈ రెంటినీ కలవనివ్వకుండా కాపాడడమే నా జీవితవ్రతం.