నలభై ఒకటో దీపం

వీధి దీపాల ఆఫీసులో జావా ప్రోగ్రాములు రాసే బుజ్జికి ముప్పై ఆరేళ్లు. ఈ వయసులో ఇంకా బుజ్జి ఏమిటంటే, వాళ్ల నాన్న అలా పిలిచాడు గనుక, అంతే. ఆయన ఒకప్పుడు అదే ఆఫీసులో లైన్‌మన్. సాయంత్రమైతే సైకిలు మీద స్తంభం స్తంభానికీ ఆగి స్విచ్చులు వేసి, నలభై దీపాలయ్యాక సొంత గేటు దీపం కూడా వేసి ఇంట్లోకి వచ్చేవాడు.

ఇప్పుడాయనకు మతిమరుపు. పొద్దు వాలగానే డ్యూటీ గుర్తొచ్చి సైకిలు నడిపించుకుంటూ బయల్దేరతాడు. ఇప్పటి దీపాలన్నీ కంప్యూటరుతో ఒక్కసారే భగ్గుమనేసరికి దిక్కు తోచక ఎక్కడో తేలతాడు. మూడుసార్లు ఎవరో పుణ్యాత్ములు తెచ్చి దింపారు. నాలుగోసారి దొరక్కపోతే?

ఆఫీసు ప్రోగ్రాములో దీపాల జాబితాను ఒక్కొక్కటిగా చుట్టివచ్చే ఇటరేటర్ ఒకటుంది. దానికి వచ్చినవి రెండే ముక్కలు: ‘ఇంకా ఉందా?’, ‘తర్వాతది ఏది?’ బుజ్జి దానికో పిల్ల క్లాసు రాసింది, అంటే తను మార్చినవి తప్ప తక్కినవన్నీ తల్లి ప్రోగ్రాము నుంచి వారసత్వంగా తెచ్చుకునే చిన్న ప్రోగ్రాము. రెండో ముక్కను మాత్రం మార్చి, నాన్న దారి వరసలో నిమిషానికొక దీపం వెలిగేలా చేసింది. మిగతాదంతా తల్లి క్లాసు నుంచి వచ్చిందే. ఆ దారి కోసం నాలుగు ఆదివారాలు నాన్న పక్కన కూర్చుంది. భార్య పేరుకి తడుముకునే మనిషి, స్తంభాల వరస గడగడా అప్పజెప్పాడు. ఆఖరున గేటు దీపాన్ని కూడా ఆఫీసు లైనుకు కలిపి, ఆ వరసలో చేర్చింది.

“ఎలాగూ వెలిగేవేగా, ఏ వరసైతేనేం,” అని ఆఫీసరు సంతకం గీకేశాడు.

ఆ సాయంత్రం బుజ్జి, అమ్మ గేటు దగ్గర నిలబడ్డారు. మసక వెలుతురులో, దూరంగా ఒక దీపం. కాసేపటికి ఇంకోటి. వాటి వెంటే సైకిలు బెల్లు. ఊరంతా నిద్రలోంచి నెమ్మదిగా కళ్లు తెరుస్తున్నట్టుంది. ఆయనే వెలిగిస్తున్నాడనిపించి బుజ్జి కాసేపు అన్నీ మరిచిపోయింది.

నలభయ్యోది మలుపులో వెలిగింది. గేటు దీపం వెలగలేదు. నాన్న ఆగిపోయాడు.

బుజ్జి నాలిక కరుచుకుంది. ‘ఇంకా ఉందా?’ అన్నది తల్లి క్లాసుదే, దానికి నలభై దాకానే లెక్క తెలుసు. నాన్న సైకిలు వెనక్కి తిప్పుతున్నాడు.

“అమ్మా, స్విచ్చు!”

అమ్మ అప్పటికే నొక్కేసింది.

వెలుగు చూసి ఆయన నెమ్మదిగా వచ్చాడు. “ఇది నేను కదా వెయ్యాలి?”

“నలభై వేసొచ్చారు, ఈ ఒక్కటీ నేను వెయ్యకూడదా?” అంది అమ్మ.

ఆయన నవ్వాడు. ఎన్నో నెలల తర్వాత ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

ఆ తప్పు దిద్దడానికి ఒక్క లైను చాలు. మర్నాడు బుజ్జి ఫైలు తెరిచి, చాలాసేపు చూసి, మూసేసింది. నలభై ఒకటోది అమ్మ వంతు.