ఎడమ తలుపుతో రేపల్లె దాకా

ఉదయం ఆరుంబావుకు తెనాలి స్టేషన్లో టిక్కెట్ల కిటికీ ముందు నిలబడ్డాను. చంకలో పాత దుప్పటి చుట్టిన బండి ఎడమ తలుపు ఉంది. "దీనికి లగేజీ టిక్కెట్టు కావాలా అండి?" అని అడిగితే గుమస్తా తొంగి చూసి, "వెనకాల బండి కూడా వస్తోందా ఏంటి?" అన్నాడు. బాపట్లకు పదిహేను రూపాయల టిక్కెట్టు ఒక్కటే ఇచ్చాడు.

బండి అంగలకుదురులో అద్దె షెడ్డులో ఇటుక దిమ్మల మీద ఉంది. నాకంటే వయసులో పెద్దదైన పికప్పు అది. పదకొండేళ్ల కిందట పాత ఇనుము కొట్లో దాన్ని ముక్కలు కోయబోతుంటే అడ్డం పడి కొన్నాను. బస్సుల డిపోలో ముప్పై ఏళ్లు బాడీ మేస్త్రీగా చేసిన చెయ్యి ఊరికే ఉండదు కదా. క్యాబిను, తలుపులు, బానెట్టు పూర్తి చేశాను. విప్పిన ఇంజను డబ్బాల్లో ఉంది, వెనక తొట్టి ఇంకా తుప్పులోనే ఉంది. ఇంతలో కంటికి ఆపరేషన్ అయింది, డాక్టరు ఇక వెల్డింగ్ వెలుగు చూడకూడదన్నారు. నేను పూర్తి చేయలేకపోయినా, చేసి రోడ్డెక్కించేవారికే ఇవ్వాలని నా పట్టుదల. ఫోన్ల మీద వచ్చిన బేరాల్లో చివరికి రెండు మిగిలాయి, ఒకటి బాపట్లలో, ఇంకొకటి రేపల్లెలో.

పుట్టీ నింపిన రేకూ, సుత్తితో సాపు చేసిన రేకూ ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. అందుకే తలుపు పట్టుకుని బయల్దేరాను. "పెళ్లికూతుర్ని ఇంట్లో ఉంచి చీర చూపించడానికి వెళ్తున్నట్టుంది" అంది మా ఆవిడ.

ఆరూ నలభైకి ప్యాసింజరు కదిలింది. ఎదురుగా పేరాలలో మగ్గం నేసే ఒక పెద్దావిడ కూర్చుంది. నిడుబ్రోలు దాటేవరకు ఓపిక పట్టి, "అదేంటి అన్నయ్యా?" అంది. విప్పి చూపించాను. ముదురాకుపచ్చ రంగును ఒకసారి తడిమి, చెయ్యి తలుపు లోపలి వైపుకు పోనిచ్చింది.

"లోపల కూడా ఇంత నున్నగా చేశారేంటి? ఎవరు చూస్తారని?"

"ఎవరో ఒకరు చూడరా అమ్మా."

"మా చీరలూ అంతేలెండి. తిరగేసి చూసేవాళ్లు ఎక్కడో ఒకళ్లు."

బాపట్ల వచ్చేదాకా నేను కాస్త నిటారుగానే కూర్చున్నాను.

స్టేషన్ ఎదురుగా నాలుగిడ్లీలు తిని, ఆటోలో సముద్రం వైపు వెళ్లాను. అక్కడ కాటేజీలు కడుతున్న ఆసామి మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు. నిలబడినచోటు నుంచే తలుపు వంక చూసి, "కలర్ బాగుందండి. రిసెప్షన్ ముందు పెట్టి తొట్టిలో పూలమొక్కలు వేస్తాం. ఇంజను మీరే ఉంచేసుకోండి" అన్నాడు.

"నడవక్కర్లేదా అండి?"

"ఎందుకండి, ఫొటోలు దిగడానికే కదా."

నేను అడిగినదానికంటే బాగా ఎక్కువే ఇస్తానన్నాడు. కాఫీ అయ్యేదాకా నా మనసు ఊగిందన్నది నిజం. షెడ్డు ఈ నెలాఖరుకు ఖాళీ చేయాలి. అయినా పదకొండేళ్లు సుత్తి దెబ్బలు కొట్టింది కుండీ చేయడానికా? ఆలోచించి చెబుతానని మర్యాదకు అనొచ్చు, అది కూడా నోట రాలేదు. "ఇవ్వనండి" అని దుప్పటి చుట్టేశాను.

పదిన్నర బండికి మళ్లీ తెనాలి చేరాను. స్టేషన్ దగ్గర హోటల్లో తలుపును పక్క కుర్చీకి ఆనించి కూర్చుంటే, వడ్డించే అతను "రెండు భోజనాలా అండి?" అన్నాడు. ఒంటిగంటన్నరకు రేపల్లె ప్యాసింజరు ఎక్కాను, టిక్కెట్టు పది రూపాయలు. ఇద్దరిలో ఇక మిగిలింది ఒక్కరే. అక్కడా కుదరకపోతే మళ్లీ ఆ పాత ఇనుము కొట్టే దిక్కు. భట్టిప్రోలు దాటాక దుప్పటి ముడి ఇంకోసారి బిగించాను.

రేపల్లెలో గ్రేసమ్మ షెడ్డు స్టేషన్‌కు నడిచే దూరంలోనే ఉంది. నలభై ఏళ్లుంటాయి. తండ్రి దగ్గర నేర్చుకుని చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తుంది. చేతులు తుడుచుకుని వచ్చి తలుపును బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది. రంగు వంక చూడనే లేదు. టార్చి వేసి లోపలి రేకంతా బొటనవేలితో తడిమింది, అయస్కాంతం పెట్టి చూసింది. పుట్టీ ఉన్నచోట అది పట్టదు, ఇక్కడ ఎక్కడా జారలేదు. ఆ కాసేపూ నేను డిపోలో మొదటిరోజు పనివాడిలా నిలబడ్డాను.

"కింద కొత్త రేకు వేశారు కదా బాబాయ్ గారూ. అతుకు ఎక్కడుందో నాకు దొరకట్లేదండి" అంది.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ నాతో అనని మాట అది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కంటి ఆపరేషన్ వల్లేనని, అందుకే వెల్డింగ్ మానేశానని చెప్పాను.

టార్చి వెలుగు కింది మూలకు వెళ్లి ఆగింది. అక్కడ ఎప్పుడో మేకుతో గీసుకున్న నా పేరుంది. "కోటేశ్వరరావు అంటే మీరేనా?" అంది. సిగ్గేసింది.

"గీకేయొచ్చమ్మా. రంగు వేస్తే కనపడదు."

"ఎందుకండి, ఉండనివ్వండి. బండి రోడ్డెక్కాక దాని కింద నా పేరు గీసుకుంటాను. చోటుంది." టార్చి ఆర్పి మళ్లీ అంది: "ఇంజను నేను చూసుకుంటాను. తొట్టి రేకు సాపు చేయడం మాత్రం నాకు రాదండి. మీరొచ్చి కుర్చీ వేసుకుని చెప్పండి చాలు. వెల్డింగప్పుడు అటు తిరిగి కూర్చోండి."

నేనడిగిన ధరకే ఒప్పుకుంది. ఆదివారం చర్చి అయ్యాక లారీతో అంగలకుదురు వస్తానంది. తలుపు తిరిగి చుట్టబోతే, అది అక్కడే ఉండనివ్వమంది.

ఐదుంబావు బండికి తిరిగి ఎక్కాను. ఈ దారిలో సాయంత్రం ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ మొహం మీద పడుతుంది, కుడివైపు మేలు. నేను మాత్రం ఎడమవైపే కూర్చుని, మడిచిన దుప్పటి ఒళ్లో పెట్టుకుని దర్జాగా వచ్చాను. పొద్దుటినుంచి తలుపు మోసిన చెయ్యి తేలిగ్గా ఉంది. వేమూరు దగ్గర మా ఆవిడ ఫోన్ చేసింది.

"తలుపు జాగ్రత్తగా తెస్తున్నారా?"

"అక్కడే ఉంచేశాను."

"తలుపు లేకుండా బండేం చేసుకుంటారు?"

"ఆదివారం బండే తలుపు దగ్గరికి వెళ్తుంది" అన్నాను.