కొండ మంటల కచేరీ

ఏటా వేసవిలో కొండ అంటుకునే ఊరది. సర్దిన సంచీ వెంట లేనిదే జనం పెళ్లికి కూడా వెళ్లరు. సంగీతం మాస్టారు మాత్రం ఆ మంటల చప్పుళ్లన్నీ చెవుల్లో సర్దిపెట్టుకున్నారు. పొయ్యి మీద నూనె చిటపటలాడినా చెయ్యెత్తి "ష్!" అంటారు. "మాడిపోతోందండీ" అంటుంది భార్య. "మాడనీవే, ఇప్పుడే శ్రుతిలో పడింది!"

ఏళ్ల తరబడి రాసిన ఆ మంటల సంగీతాన్ని మొన్న టౌన్‌హాల్లో ఆయన బృందం మొదటిసారి వాయించింది. ఇద్దరు ఎండుటాకులు నలిపారు, నలుగురు వయొలిన్ల మీద గాలి రేపారు, డ్రమ్ములాయన దూరంగా ఓ చెట్టు కూల్చాడు. మాస్టారు కళ్లు మూసుకుని చేతులూపుతూనే ఉన్నారు. చెట్టు కూలగానే జనం లేచారు. తోపులాట లేదు, అలవాటైన పనేగా. ముసలివాళ్లని ముందు పంపి, సంచులు తగిలించుకుని వరసగా బయటికి నడిచారు. వాళ్ల వెనకాలే వయొలిన్లూ, చివర్న డ్రమ్ములాయనా.

మాస్టారు కళ్లు తెరిచేసరికి హాలు ఖాళీ. గుమ్మంలో భార్య, జోరువానలో తడిసి ముద్దయి, చంకలో సంచీతో. "కారు స్టార్ట్ చేశానండీ, రండి!"

మాస్టారి కళ్లు చెమర్చాయి. "అంత బాగా కుదిరిందా?"

"అదంతా కార్లో మాట్లాడుకుందాం. ముందు పదండి!"