ఈసారి డబ్బాతో పాటు నేనూ: కొంటా నుంచి కిరందుల్‌కు

చిట్టీ, ఈ ప్రయాణం మీ చెల్లెలి కోసం. కానీ దారి పొడుగునా నువ్వే నా ఒడిలో ఉన్నావు. పుట్టినప్పుడు నువ్వు కిలోన్నర కూడా తూగలేదు, మూడో నాడు వెళ్లిపోయావు. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు తేలికని, కడుపుతో ఉన్నవాళ్లకు మా వైపు పెద్దవాళ్లు అన్నం తగ్గించి పెట్టేవారు. మీ చెల్లెలు సరిత నెల తప్పిందని తెలియగానే దాని అత్తగారూ అదే మాట అన్నది.

సరిత ఉండేది కిరందుల్‌లో. అల్లుడు అక్కడి ఇనుప గనిలో డంపర్ నడుపుతాడు. అక్కడి నర్సమ్మ రక్తం చూసి ఇనుము తక్కువగా ఉందన్నది. ఇనుపకొండ కింద కాపురం, ఒంట్లో ఇనుము లేదు! ఆ నర్సమ్మే ఫోన్లో నాకు అర్థమయ్యేలా చెప్పింది: "ఒంట్లో ప్రతి కణంలో చిన్న చిన్న పొయ్యిలుంటయమ్మా. మైటోకాండ్రియా అంటరు. తిన్నదాన్ని బలంగా మార్చేది అవే. తల్లిలో అవి సరిగా మండకపోతే కడుపులో బిడ్డకు బరువు పట్టుడు కష్టం. బిడ్డకు ఆ పొయ్యిలు వచ్చేది గూడా తల్లి నుంచే." అంటే నా పొయ్యే సరితకు, దాని పొయ్యే దాని బిడ్డకు. నీకూ ఇచ్చాను చిట్టీ, కట్టెలే అందలేదు.

అప్పటి నుంచి వారం వారం డబ్బా పంపాను. రాగి లడ్లు, నువ్వుల ఉండలు, మునగాకు పొడి, శబరి నదిలో పట్టి ఎండబెట్టిన చేపలు. కొంటా బస్సు కండక్టర్ రాములు దాన్ని సుక్మాలో దింపేవాడు. అక్కడ బస్టాండులో హోటల్ నడిపే మంగ్లీ దాన్ని సాయంత్రం నేరుగా కిరందుల్ వెళ్లే బస్సు ఎక్కించేది.

నిన్న తెల్లవారకముందే సరితకు నొప్పులని ఫోన్ వచ్చింది. డబ్బా సర్దుకుని ఆరు గంటల బస్సెక్కాను.

"ఏందక్కా, ఇయ్యాల డబ్బాకు తోడు నువ్వు గూడనా?" అన్నాడు రాములు.

"సరితకు నొప్పులంట తమ్మీ."

"అట్లనా! ఇన్ని దినాలు మోసిన, ఆ బిడ్డలో నాకూ వాటా ఉంది. బరువెంతో ముందు నాకే చెప్పాలె."

దోర్నాపాల్ దాటి సుక్మా చేరేసరికి తొమ్మిది కావచ్చింది. మంగ్లీ నన్ను చూస్తూనే ఇడ్లీ ప్లేటు ముందు పెట్టింది. వద్దన్నాను. "బిటియాకు తిను తిను అని డబ్బాలు పంపుతవ్, నువ్వు ఏం తినకుంట ఖాళీ పేట్‌తోని పోతవా దీదీ?" అని కసిరింది. తిన్నాను. ఆమె పైసలు మాత్రం తీసుకోలేదు.

దంతెవాడలో మళ్లీ బస్సు మారాను. బచేలి దాటాక ఆకులు, ఇళ్ల రేకులు, ఆగి ఉన్న లారీలు, అన్నీ గని దుమ్ముతో ఎర్రగా ఉన్నాయి. ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. మధ్యాహ్నం రెండింటికి ఆటోలో ఆసుపత్రికి చేరాను. గుమ్మంలో వియ్యపురాలు కళ్లు తుడుచుకుంటూ కనబడింది.

"ఏంది వదినా, ఏడుస్తున్నవ్?"

"ఏడుపు గాదు వదినా, సంబురం! నీ మనవరాల్ని ఎత్తుకుంటే చేతులు గుంజుతున్నయ్. మూడు కిలోల పైనే! కాన్పు గూడా మామూలుగనే అయింది."

అక్కడే కూలబడి, ఏడుస్తూ నవ్వాను. ఆమె నా చేతిలో డబ్బా లాక్కుంది. "మొదట్లో నీ మీద కోపంగనే దీని మూత తీసేదాన్ని. పిల్ల బుగ్గలు నిండుతుంటే నేనే దగ్గర కూసొని తినిపించిన. గెలిచినవ్ పో! నాకూ ఒక లడ్డు పెట్టు."

రాములుకు ఫోన్ చేశాను. తిరుగు బస్సులో ఉన్నాడు. "మూడు కిలోల పైనంట!" అని అతను అరిస్తే, బస్సులో జనమంతా చప్పట్లు కొట్టడం నా చెవిలో వినబడింది.

తిండి ఒక్కటే అన్నీ చేయదు, మాత్రలు మింగడం, చూపించుకోవడం కూడా ఉండాలని నర్సమ్మ అన్నది. సరిత అన్నీ చేసింది. ఇన్నేళ్లూ నా చేతులకు నీ బరువే గుర్తు చిట్టీ. ఇప్పుడు నీ చెల్లెలి కూతురు బరువు కూడా తెలిసింది. కడుపుతో ఉంటే అన్నం తగ్గించాలన్న ఆ పాత మాట మా రెండిళ్లలో ఇక ఎవరూ అనరు.

ఇది చదివే మీరూ ఈ దారిన వస్తే కొంటాలో మొదటి బస్సే ఎక్కండి, రెండు చోట్ల మారాలి. తెల్ల చీర మాత్రం వద్దు, ఆ ఎర్రదుమ్ము ఎంత ఉతికినా పోదు. బయలుదేరే ముందు కడుపునిండా తినండి.